ఇంటి సంగీతశాలకు సింథసైజరు నెన్నుకొనుట

సంగీతమునందు ప్రీతిగల బాలబాలికలు పూర్వము హార్మోనియమునో ఫిడేలునో చేపట్టి గురువునొద్ద కూర్చుండెడివారు. నేటివారికి మఱియొక మార్గము కూడ నేర్పడినది. ఇంటిలో ఒక మూల చిన్న బల్ల వేసి, దానిపై కంప్యూటరు నుంచుకొని, పాట కట్టుట, వాయించుట, ముద్రించుట అను మూడు పనులను తామే చేసికొనుచున్నారు. ఇట్టి మూలకే ఇంటి సంగీతశాల యని పేరు. ఈ శాలలో ముఖ్యమైన వాద్యము సింథసైజరు.

ఈ వాద్యము రెండు రూపములలో దొరకును. చేతితో తాకదగిన మెట్లును మరలును గల పెట్టె యొకటి. దీనిని హార్డువేరు సింథసైజరందురు. కంప్యూటరులో చేర్చుకొనదగిన సాఫ్టువేరు రెండవది. దీనికి పెట్టె లేదు, తెరపై బొమ్మ మాత్రమే కనబడును. రెండింటిలో దేనిని కొనవలెనని విద్యార్థులును, వారికంటె నెక్కువగా వారి తల్లిదండ్రులును అడుగుచున్నారు. ఇది చిన్న ప్రశ్న కాదు. అనేక కుటుంబములలో ఇట్టి పెట్టె వెల కొన్ని మాసముల పొదుపునకు సమానము. అప్పు చేసి కొన్న వాద్యము ఆఱు నెలలలో మూలబడినచో ధనముతోపాటు బాలుని యుత్సాహము కూడ నశించును. తనకు సంగీతము అబ్బదని వాడు నిశ్చయించుకొనును. దోషము ఎంపికలో నున్నదని వానికి తోచదు. కావున ఈ వాద్యము పనిచేయు విధమును మొదట తెలిసికొని, పిమ్మట ఎవరికి ఏది తగునో విచారింతము.

1. సింథసైజరు పనిచేయు విధము

వీణయందు తంతియు, వేణువునందు గాలియు, మృదంగమునందు చర్మమును కంపించుటచేత నాదము పుట్టును. సింథసైజరునందు మొదట చలించునది విద్యుత్తు, లేదా విద్యుత్తునకు మాఱుగా కంప్యూటరు లెక్కించు సంఖ్యలు. ఆ చలనము తుదకు స్పీకరు ద్వారా గాలిని కదలించి మన చెవిని చేరును. ఈ నడుమ జరుగు పనులు ముఖ్యముగా నాలుగు.

మొదటిది ఆసిలేటరు. ఇది స్వరమునకు మూలమైన తరంగమును పుట్టించును. ఆ తరంగము రంపపు పండ్లవలె నుండవచ్చును, చదరముగా నుండవచ్చును, త్రిభుజాకారముగా నుండవచ్చును. ఆకారమును బట్టి గొంతు మాఱును. రంపపు తరంగమునందు మూలస్వరముతో కూడ, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగల పై స్వరములన్నియు వరుసగా నుండును. అందుచేత ఆ ధ్వని ఫిడేలువలె నిండుగా నుండును. చదరపు తరంగమునందు మూడింతలు, ఐదింతలు మొదలైన బేసి స్వరములే యుండును. అందుచేత అది క్లారినెట్టువలె డొల్లగా వినబడును.

రెండవది ఫిల్టరు, అనగా వడపోత. జల్లెడ నూకను నిలిపి పిండిని విడుచునట్లు ఇది పై స్వరములలో కొన్నిటిని నిలిపి మిగిలినవానిని పోనిచ్చును. మూడవది ఆంప్లిఫయరు, ధ్వని హెచ్చుతగ్గులు దీని యధీనము. నాలుగవది ఎన్వలపు. ఇది కాలక్రమమున ధ్వని నడవడిని నిర్ణయించును. వీణ తంతిని మీటినప్పుడు నాదము ఒక్కసారిగా పుట్టి క్రమముగా సన్నగిల్లును. హార్మోనియపు మెట్టు నొక్కి తిత్తి నూదుచున్నంతసేపు నాదము నిలిచియుండును. ఈ భేదమును ఆరంభము, తగ్గుదల, నిలుకడ, విడుపు అను నాలుగు మరలతో సింథసైజరునందు కల్పింతురు.

ఈ నాలుగు భాగములు హార్డువేరునందెట్లో సాఫ్టువేరునందును అట్లే యుండును. ఒకదానియందు శ్రద్ధగా నేర్చిన విద్య రెండవదానియందు చెల్లును. ఈ సంగతిని గుర్తుంచుకొన్న విద్యార్థికి ఎంపికలో భయము సగము తగ్గును.

2. ఈ వాద్యము వచ్చిన దారి

అమెరికాదేశమున రాబర్టు మూగ్ అను ఇంజనీరు 1964లో తన సింథసైజరు నమూనాను వెలువరించెను. దాని భాగములను తీగెలతో కలిపినగాని అది పలుకదు. 1968లో వెండీ కార్లోసు మూగ్ యంత్రముపై బాఖ్ రచనలను వాయించి వెలువరించిన రికార్డువలన ఆ వాద్యము లోకమునకు పరిచయమయ్యెను. మఱుసటి యేట, 1969లో, అహమ్మదాబాదునందలి జాతీయ డిజైను సంస్థలో మూగ్ సింథసైజరుతో ఒక ఎలెక్ట్రానిక్ సంగీతశాల యేర్పడెను.

1970లో వెలువడిన మినీమూగ్ ఒక మనుష్యుడు మోసికొనిపోదగినది. అయినను అది ఒకమాఱు ఒక్క స్వరమునే పలుకును. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 ఐదు స్వరములను ఒకేమాఱు పలుకుటయే గాక, వాద్యకారుడు కూర్చిన ధ్వనులను జ్ఞాపకమునందుంచుకొనెను. 1982లో బొంబాయి వాద్యకారుడగు చరణ్‌జీత్ సింగ్ రోలండు సంస్థవారి సింథసైజరు, తాళయంత్రములతో పది హిందూస్తానీ రాగములను ముద్రించి వెలువరించెను. 1983లో జపానుదేశపు యమహా సంస్థ డీఎక్స్7 అను వాద్యమును విక్రయింప నారంభించెను. ఒక తరంగముచేత మఱియొక తరంగమును చలింపజేసి క్రొత్త ధ్వనులను పుట్టించుట దీని పద్ధతి. ఆ పద్ధతిని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో కనుగొనెను.

1983లోనే మిడీ అను ఏర్పాటు అమలులోనికి వచ్చెను. అంతకుముందు ఒక సంస్థవారి వాద్యము మఱియొక సంస్థవారి వాద్యముతో పొందికగా పనిచేయుట దుర్లభము. మిడీ తీగెలో ధ్వని పాఱదు; ఏ మెట్టు నొక్కబడెను, ఎంత వేగముగా నొక్కబడెను, ఎప్పుడు విడువబడెను అను సమాచారము మాత్రమే సంఖ్యల రూపమున పాఱును. నేటి ఇంటి సంగీతశాలలు ఈ యేర్పాటుపైననే యాధారపడియున్నవి. 1996లో జర్మనీదేశపు స్టైన్‌బెర్గ్ సంస్థ వీఎస్‌టీ అను పద్ధతిని ప్రవేశపెట్టెను. 1999లో ఆ పద్ధతియందు వాద్యములకు కూడ తావు కలిగెను. అప్పటినుండి సాఫ్టువేరు సింథసైజరులు వేగముగా వ్యాపించినవి.

3. పెట్టెలోపల నేమున్నది?

పెట్టెలో నున్నది నిజమైన వాద్యమనియు, కంప్యూటరులో నున్నది దాని నకలనియు అనేకులు తలతురు. ఇది పూర్తిగా సరి కాదు. మినీమూగువంటి అనలాగు వాద్యములలో విద్యుత్తే తరంగముగా చలించును. డీఎక్స్7వంటి డిజిటలు వాద్యములలో పెట్టెలోపల చిన్న కంప్యూటరే సంఖ్యలను లెక్కించి ధ్వనిని కల్పించును. నేడు అంగళ్లలో అమ్మబడు హార్డువేరు వాద్యములలో ననేకము ఈ రెండవ జాతివే. అట్టి పెట్టెను కొనువాడు తనకొక కంప్యూటరును, దానిలో సాఫ్టువేరును, దానిపై మరలను కలిపి కొనుచున్నాడని యెఱుగవలెను.

అనలాగు వాద్యమునకు ఒక ప్రత్యేకత లేకపోలేదు. దాని భాగములు వేడిమికి కొంచెము మాఱుచుండును. అందుచేత శ్రుతి స్వల్పముగా కదలును. ఆ కదలికయే కొందఱి చెవికి జీవకళగా తోచును. కాని అది ప్రథమాభ్యాసికి మొదటి యక్కఱ కాదు. గాత్రము, తాళము, తక్కిన వాద్యములు కలిసిన పాటలో ఆ సూక్ష్మభేదమును గుర్తించుట సామాన్య శ్రోతకు కష్టము. శ్రుతి తప్పిన పాటను మాత్రము ప్రతివాడును గుర్తించును.

4. హార్డువేరు వాద్యము: గుణములు, కొఱతలు

దీని మొదటి గుణము హస్తసుఖము. ప్రతి పనికిని ఒక మర యున్నచో చేయి దాని తావును నేర్చుకొనును. కన్ను తెరపై నుండనక్కఱలేదు. ధ్వనిశాస్త్రము నేర్చువానికి ఇది గొప్ప సహాయము. రెండవ గుణము సిద్ధత. మీట వేసిన కొద్దిసేపటిలో అది పలుకును. నడుమ వేఱొక సందేశము వచ్చి పని చెడదు. సభలోను ఆరాధనలోను వాయించువారికి ఈ నమ్మకము ముఖ్యము. మూడవ గుణము హద్దు. ఒక పెట్టెకు ఇన్ని ధ్వనులే, ఇన్ని మరలే. ఆ హద్దులోనే విద్యార్థి లోతునకు దిగును. నాలుగవది, అక్కఱ తీరినప్పుడు దానిని మఱియొకరికి అమ్మవచ్చును.

ఇక కొఱతలు. వెల యెక్కువ. ఒక పెట్టె తఱచు ఒకమాఱు ఒక ధ్వనిని మాత్రమే యిచ్చును. నాలుగు వాద్యముల పాటను కట్టవలెనన్న నాలుగుమాఱులు వాయించి ముద్రింపవలెను. ఆ ధ్వనిని కంప్యూటరులోనికి చేర్చుటకు ఆడియో ఇంటర్‌ఫేసు అను మఱియొక పెట్టెయు, తీగెలును కావలెను. దుమ్మువలన మెట్లక్రింది స్పర్శలు చెడును. తేమవలన లోహభాగములు త్రుప్పుపట్టును. కోస్తా జిల్లాల ఉక్కకును, మన వేసవి దుమ్మునకును గుడ్డ కప్పుట తప్పనిసరి. విద్యుత్తు నిలిచినచో, బ్యాటరీ లేని పెట్టె మూగవోవును. పాత పెట్టెను కొనువారు లోపలి జ్ఞాపక బ్యాటరీని మార్చుటకును, మరమ్మతు తెలిసినవానిని వెదకుటకును సిద్ధముగా నుండవలెను.

5. సాఫ్టువేరు వాద్యము: గుణములు, కొఱతలు

దీని మొదటి గుణము వెల. సర్జ్ ఎక్స్‌టీ అను సింథసైజరు ఉచితము. దాని మూలరచన 2018లో అందఱికిని తెఱచియుంచబడెను. డీఎక్స్7 పద్ధతిని నేర్పు డెక్సెడ్ కూడ ఉచితమే. 2020లో వెలువడిన వైటలునకు ఉచితమైన రూప మొకటి కలదు. ఇవి ఆటవస్తువులు కావు. రెండవ గుణము సంఖ్య. ఒక సాఫ్టువేరునే పాటలో నాలుగు చోట్ల నాలుగు ధ్వనులుగా వాడవచ్చును. మూడవ గుణము జ్ఞాపకము. పాటను భద్రపఱచినప్పుడు ప్రతి మర యున్న తావు కూడ భద్రపఱచబడును. నెల దినముల పిమ్మట తెఱచినను ధ్వని మాఱదు. నాలుగవది, ల్యాపుటాపునందైనచో విద్యుత్తు పోయినను కొంతసేపు పని సాగును.

కొఱతలలో మొదటిది ఆలస్యము. కంప్యూటరు సెకనునకు 48,000 సంఖ్యలను లెక్కించుచున్నదనుకొనుడు. అది 256 సంఖ్యలను ఒక గుంపుగా చేర్చి పంపినచో, ఒక గుంపునకు పట్టు కాలము 256ను 48,000చే భాగింపగా వచ్చును; అనగా రమారమి 5 మిల్లీసెకనులు. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 343 మీటరులు పోవును గనుక ఇది రెండు మీటరులకంటె తక్కువ దూరమున నిలిచిన వాద్యకారుని వినుటతో సమానము, బాధ లేదు. 1,024 సంఖ్యల గుంపైనచో 21 మిల్లీసెకనులు, అనగా ఏడు మీటరులకు పైబడిన దూరము. అప్పుడు మెట్టు నొక్కిన పిమ్మట నాదము వెనుకబడినట్లు తోచి తాళము చెడును. గుంపును చిన్నదిగా చేసినచో ఆలస్యము తగ్గును గాని కంప్యూటరునకు శ్రమ హెచ్చి, ధ్వని నడుమ చిటపటలు వినబడవచ్చును. వాయించునపుడు చిన్న గుంపును, పాటను సరిదిద్దునపుడు పెద్ద గుంపును పెట్టుకొనుట మంచి పద్ధతి. విండోసు కంప్యూటరు గలవారు ఆసియో పద్ధతిగల డ్రైవరును వాడవలెను.

రెండవ కొఱత అస్థిరత. కంప్యూటరు మాఱినప్పుడు పాత సాఫ్టువేరు పనిచేయకపోవచ్చును. 2019లో ఆపిల్ సంస్థ తన కంప్యూటరులలో 32 బిట్ల సాఫ్టువేరును నిలిపివేసినప్పుడు, ఆ జాతి వాద్యములు క్రొత్త యేర్పాటునందు మూగవోయెను. కావున ముగించిన ప్రతి పాటయందును ప్రతి వాద్యమును ధ్వనిరూపముననే వేఱుగా భద్రపఱచవలెను. సాఫ్టువేరు పోయినను పాట మిగులును. మూడవ కొఱత సమృద్ధియే. వేలకొలది ధ్వనులలో ఒకదానిని వెదకుచు సాయంకాలమంతయు గడపి, పల్లవియైనను కట్టక నిద్రించు విద్యార్థులు కలరు.

6. గమకముల మాట

మన ప్రాంతమువారు ప్రత్యేకముగా విచారింపవలసిన సంగతి యొకటి కలదు. తెలుగు క్రైస్తవ కీర్తనలలో ననేకము కర్ణాటక రాగతాళములలో కట్టబడినవి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఇందుకు తార్కాణము. రాగమునకు ప్రాణము గమకము. మెట్ల వాద్యము ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు దుముకును గాని జాఱదు. ఈ కొఱత మొదలైన ఆక్షేపణలచేతనే 1940లో అఖిల భారత రేడియో హార్మోనియమును బహిష్కరించెను. 1971 వఱకు ఆ నిషేధము సడలలేదు.

సింథసైజరునకు ఈ కొఱతను తీర్చు సాధనము కలదు. మెట్లకు ఎడమవైపున నుండు పిచ్ బెండు చక్రమును త్రిప్పినచో శ్రుతి మెల్లగా పైకిని క్రిందికిని జాఱును. అది సామాన్యముగా ఇరువైపుల రెండేసి స్వరస్థానముల మేర కదలును, ఆ మేరను మనము మార్చుకొనవచ్చును. ఈ చక్రము నొక్కబడిన స్వరములన్నిటిని ఒకేమాఱు జాఱ్చును గనుక, రాగము వాయించునపుడు ఒక్క స్వరము పలుకు అమరికనే యెన్నుకొనవలెను. 2018లో అంగీకరింపబడిన ఎంపీఈ అను పద్ధతియందు ప్రతి వ్రేలి స్వరమును వేఱువేఱుగా జాఱ్చవచ్చును. దానికి ప్రత్యేకమైన మెట్లపలక కావలెను. హార్డువేరైనను సాఫ్టువేరైనను, కొనుటకు పూర్వము పిచ్ బెండు సాధనమున్నదో లేదో చూడవలెను. ఎడమచేతికి ఆ చక్రమును నేర్పుట మాత్రము ఏ యంగడిలోను దొరకదు. అది మాసముల తరబడి చేయవలసిన సాధన.

7. వ్యయము లెక్కించుట

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి వ్యయము లెక్కింపవలెనను ప్రభువు ఉపమానము ఇచ్చటను వర్తించును. పెట్టె వెలను మాత్రమే చూచువాడు మోసపోవును. హార్డువేరు కొనువాడు ఆడియో ఇంటర్‌ఫేసు, తీగెలు, నిలుపు, మంచి హెడ్‌ఫోనులు, విద్యుత్తు హెచ్చుతగ్గులనుండి కాపాడు సాధనము అను వీని వెలను కూడ చేర్చి చూడవలెను. సాఫ్టువేరు వాడువాడు తగినంత జ్ఞాపకశక్తిగల కంప్యూటరు, మిడీ మెట్లపలక, హెడ్‌ఫోనులు అను వీనిని లెక్కింపవలెను. చదువుకొఱకు ఇంటిలో కంప్యూటరు ముందే యున్నచో సగము వ్యయము తీరినట్లే.

తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన సూచన. అనేక గృహములలోను మందిరములలోను తాళములతో కూడిన కీబోర్డు ఇదివఱకే యుండును. అది సింథసైజరువలె ధ్వనిని మూలమునుండి మలచుటకు తగినది కాకపోవచ్చును. కాని దాని వెనుకభాగమున యూఎస్‌బీ రంధ్రము కంప్యూటరుతో కలుపుటకు తగినదై యున్నచో, ఆ కీబోర్డే మిడీ మెట్లపలకగా పనిచేయును. ఒక తీగె వెలతో సంగీతశాల ప్రారంభమగును. క్రొత్త వస్తువును కొనుటకు పూర్వము పాతదాని వెనుకభాగమును ఒకమాఱు చూడుడు.

8. ఎవరికి ఏది తగును?

పాటలు కట్టి ముద్రింపగోరు విద్యార్థి సాఫ్టువేరుతో ప్రారంభింపవలెను. అనేక వాద్యములు, తక్కువ వ్యయము, సరిదిద్దుకొను సౌకర్యము అతనికి కావలెను గదా.

ఆరాధనలో గాయకబృందమునకు తోడుగా వాయించు విద్యార్థినికి హార్డువేరు మేలు. అరవైయొక్క మెట్లును, పిచ్ బెండు చక్రమును, వెంటనే మార్చుకొనదగిన ధ్వనులును గలది ఆమెకు చాలును. ఆమె చూడవలసినది నమ్మకము. మరల సంఖ్య కాదు.

ధ్వనిశాస్త్రము నేర్వగోరువాడు ఉచితమైన సాఫ్టువేరుపై నాలుగు భాగములను ఆఱు నెలలు అభ్యసింపవలెను. అప్పటికిని చేయి మరలను కోరుచున్నచో, ఒక్క స్వరమే పలుకు చిన్న అనలాగు పెట్టెను కొనవచ్చును. అప్పుడు తనకేమి కావలెనో అతడెఱుగును. అంగడివాని మాటకు లోబడడు.

ముగ్గురికిని చెల్లు నియమ మొకటి: ఒక్క వాద్యమునే యెన్నుకొని, దానిపై ఇరువది ధ్వనులను స్వయముగా కూర్చువఱకు రెండవదానిని కోరవలదు. తలాంతుల ఉపమానమునందు ఒక్కటి పొందినవాడు నిందింపబడినది తక్కువ పొందుటచేత గాదు, పొందినదానిని పాతిపెట్టుటచేతనే.

9. దొంగ నకళ్ల గుఱించి

వెలగల సాఫ్టువేరును తాళము పగులగొట్టి ఉచితముగా పంచువారు కలరు. దానిని వాడుట దొంగిలించుటయే. వస్తువు కంటికి కనబడనందున దొంగతనము దొంగతనము కాకపోదు. అట్టి నకళ్లతో కూడ హానికరమైన సాఫ్టువేరు కంప్యూటరులో ప్రవేశించి, తండ్రిగారి బ్యాంకు వివరములను సైతము అపహరింపవచ్చును. న్యాయముగా ఉచితమైనవి ఇన్ని యుండగా ఈ దోషమునకు సాకు లేదు. దేవుని స్తుతించు పాటను దొంగసొత్తుపై కట్టుట మన విద్యార్థులకు తగదు.

సారాంశమేమనగా, పెట్టెయైనను తెరయైనను నాదమును మలచు సూత్రములు ఒక్కటే. చేయవలసిన పనిని బట్టియు, ఇంటి శక్తిని బట్టియు రూపమును ఎన్నుకొనవలెను. ఉన్నదానితో ప్రారంభించి, అప్పు లేక, ఓర్పుతో అభ్యసించు బాలబాలికల యింట సంగీతము వర్ధిల్లును గాక!

అభ్యాసము

1. ఎన్వలపునందలి నాలుగు భాగములను పేర్కొని, వీణకును హార్మోనియమునకును అవి ఎట్లు భేదించునో వ్రాయుము.
2. సెకనునకు 48,000 సంఖ్యలు లెక్కించు కంప్యూటరు 512 సంఖ్యలను ఒక గుంపుగా పంపినచో ఎన్ని మిల్లీసెకనులు పట్టును? ఆ కాలములో ధ్వని గాలిలో ఎంత దూరము పోవును?
3. మిడీ తీగెలో పాఱునది యేమి? పాఱనిది యేమి?
4. మీ యింటిలోనో మందిరములోనో ఉన్న కీబోర్డును పరిశీలించి, దాని వెనుకనున్న రంధ్రముల పేర్లను వ్రాసికొని, అది మిడీ మెట్లపలకగా పనిచేయునో లేదో నిర్ణయింపుము.
5. మీ యింట సంగీతశాల నేర్పఱచుటకు కావలసిన వస్తువుల పట్టికను వ్రాసి, ఇదివఱకే యున్నవానిని కొట్టివేసి, మిగిలినవాని వెలను తల్లిదండ్రులతో కూర్చుండి లెక్కింపుము.